రాజుగారు వినడానికి కూర్చున్న పొద్దు

పట్టుపురుగమ్మా, పట్టుపురుగమ్మా,
నీకెన్ని నిద్దర్లే?
ఆకు మీద ఒక నిద్దర,
ఆకు కింద ఒక నిద్దర,
వాన చప్పుడులో ఒక నిద్దర...

నాలుగో నిద్దర ఎక్కడో వెన్షుకు గుర్తు రాలేదు. చిన్నప్పుడు మల్బరీ తోటలో ఆకు కోస్తూ అక్కతో కలిసి పాడిన పాట అది. అప్పుడు నాలుగు నిద్దర్లూ నోటికి వచ్చేవి. ఇప్పుడు జుట్టంతా నెరిశాక, కోడి కూయకముందే లేచి, బిగుసుకున్న వేళ్లను గోరువెచ్చని నీళ్లలో పెట్టుకుని కూనిరాగం తీస్తే మూడే వస్తున్నాయి. నాలుగోదాని దగ్గరికి వచ్చేసరికి పాటకు బదులు ఆవులింత వస్తోంది.

ఆ ఆవులింతకు ఒక కారణం ఉంది. అది చెప్పాలంటే ముందు ఆ రాజ్యం సంగతి చెప్పాలి.

చీనా దేశపు కొండల నడుమ, ఏ కాలమో ఎవరూ ఇదమిత్థమని చెప్పలేని కాలంలో, యున్షాన్ అని ఒక రాజ్యం ఉండేది. దాన్ని ఏలేవాడు జెంగ్ మహారాజు. ఆయన యుద్ధాలన్నీ గెలిచేశాడు. గెలవడానికి ఇంకేమీ మిగలక, కళలు తెలిసిన రాజని పేరు తెచ్చుకుందామనుకున్నాడు.

ఆ దేశంలో చదువుకున్నవాళ్లు తీరిక దొరికితే చేసుకునే ముచ్చట్లు కొన్ని ఉన్నాయి. ఏడు పట్టుతీగల 'చిన్' అనే వాద్యాన్ని బల్ల మీద పెట్టుకుని మీటడం, నల్లరాళ్లూ తెల్లరాళ్లూ పేర్చి ఆట ఆడుకోవడం, కుంచెతో అక్షరాలు దిద్దడం, కొండల్నీ పొగమంచునీ బొమ్మలు వేయడం. పక్కన కాస్త తేనీరు, కాస్త అగరు ధూపం, ఇద్దరు ముగ్గురు స్నేహితులు. ఒకరు మీటితే ఒకరు వింటారు. మాట్లాడాలనిపిస్తే మాట్లాడుకుంటారు, లేకపోతే లేదు. అందులో ఎవరికీ తొందర ఉండదు, ఎవరికీ భయం ఉండదు. ఎంత చల్లని అలవాటో చూడండి.

జెంగ్ మహారాజు ఆ తీరికను ఉద్యోగం చేసేశాడు.

రోజూ పొద్దున్నే పండితులందరూ రాజోద్యానంలోని మంటపానికి రావాలి. చాపల మీద నెమ్మదిగా కూర్చోవాలి. హాయిగా ఉండాలి. హాయిగా లేనివాళ్లెవరో దౌ మంత్రి కనిపెట్టి రాజుగారి చెవిన వేస్తాడు.

ఈ దౌ మంత్రి ఒట్టి చాదస్తుడు. పూర్వం ఎవరో సున్నితమైన మనిషి, "గాలి జోరుగా ఉంటే నాకు మీటబుద్ధి కాదు" అని తన మానాన తాను అనుకుని ఉంటాడు. దౌ ఆ మాట పట్టుకుని, గాలి వీస్తే మీటరాదని రాజుగారి చేత ఆజ్ఞ వేయించాడు. అలాగే ధూపం నిటారుగా లేస్తేనే మీటాలి. గిన్నెలోని తేయాకులన్నీ అడుగుకు దిగితేనే మీటాలి. మధ్యలో కాకి అరిచిందా, ఆ ధూపం తీసేసి కొత్తది ముట్టించాలి, ఆ తేనీరు పారబోసి మళ్లీ కాచాలి. అందాకా ఎవరూ కదలకూడదు, మెదలకూడదు.

ఇవన్నీ కుదిరాక గంట కొడతారు. అప్పుడు రాజుగారు లోపలి నుంచి తాపీగా వస్తారు. చిన్ ముందు కూర్చుని నాలుగు మీట్లు మీటుతారు. "ఆహా, ఈ తోటలో ఎంత ప్రశాంతంగా ఉందో" అంటారు. లేచి భోజనానికి వెళ్లిపోతారు.

పండితులు మాత్రం చీకటితో వచ్చి కూర్చున్నవాళ్లు. సభ అయ్యాక వాళ్లకు అసలు ఉద్యోగాలు ఉండనే ఉన్నాయి. తగాదాలు తీర్చేవాళ్లు, కాలవలు చూసుకునేవాళ్లు, ధాన్యపు కొట్లు చూసుకునేవాళ్లు. పొద్దుటి పని సాయంత్రానికి, సాయంత్రం పని దీపాల వేళకు జారిపోయేది. అలా యున్షాన్ రాజ్యంలో తీరిక ఎక్కువై, పాపం, పెద్దలందరికీ కళ్ల కింద నల్లటి గుంటలు పడ్డాయి.

వెన్షు ఆ సభలో ఉన్న ఒకే ఒక్క ఆడమనిషి. రాజుగారి తల్లికి పెళ్లికాక ముందు నుంచీ చిన్ నేర్పింది ఆవిడే. ఆ తల్లి పోయాక ఊరికి వెళ్లి అక్క దగ్గర ఉంటానంటే రాజు పంపలేదు. "పంతులమ్మ లేని సభ ఏం సభ?" అన్నాడు. ఆ మాటకు మురిసిపోవాలో ఏడవాలో ఆవిడకు తెలియలేదు.

ఒకరోజు ఆవిడ పక్క చాప మీద గు మింగ్ కూర్చున్నాడు. కొండల బొమ్మలు వేయడంలో ఆయన్ను మించినవాడు లేడు. ముసలివాడు, దగ్గు మనిషి.

"అన్నయ్యా, నిటారుగా కూర్చో. దౌ ఇటే చూస్తున్నాడు" అంది వెన్షు పెదవులు కదపకుండా.

"చూడనీ చెల్లెమ్మా. కాలవ గట్ల పటం ఇవాళే కావాలన్నారు. రాత్రంతా గీసి ఇటే వచ్చాను. కళ్ల ముందు అన్నీ కొండలే కనిపిస్తున్నాయి."

"అవి కొండలు కావు. దౌ మంత్రి కనుబొమలు."

గు మింగ్ నవ్వబోయి దగ్గాడు. దగ్గు తగ్గేసరికి ధూపం వంగింది. మళ్లీ నిటారుగా లేచేసరికి కాకి అరిచింది. కొత్త ధూపం, కొత్త తేనీరు. గంట మోగేవేళకు గు మింగ్ గడ్డం ఛాతీ మీద వాలిపోయి ఉంది. వెన్షు మోచేత్తో పొడిచింది. ఆయన లేవలేదు.

రాజుగారు వచ్చి మీటారు. చిన్ వాద్యంలో మీటుకీ మీటుకీ మధ్య ఉండే నిశ్శబ్దమే గొప్పదంటారు. సరిగ్గా ఆ నిశ్శబ్దంలో, నిండు సభలో, ఒక పొడుగాటి గురక వినిపించింది.

రాజు చేయి ఆగిపోయింది. "ఎవరది?"

దౌ మంత్రి వచ్చి గు మింగ్ భుజం కుదిపాడు. ఆయన కళ్లు తెరిచి, చుట్టూ చూసి, విషయం గ్రహించాడు.

"నిద్రపోలేదు ప్రభూ. కళ్లు మూసుకుని వింటున్నాను."

"గురక పెడుతూ వింటారా?"

గు మింగ్ తల దించుకున్నాడు.

"నేను మీటుతుంటే నిద్రపోయాడు" అన్నాడు రాజు, తనలో తాను అనుకుంటున్నట్టు. "శత్రువులు కూడా నన్ను ఇంత మాట అనలేదు. ఈయన్ను ఉత్తరపు కోటకు పంపండి. ఆ చలిలో నిద్ర ఎలా పడుతుందో చూద్దాం."

ఉత్తరపు కోటలో మంచు కురిసే కాలం అది. ఆ దగ్గుతో అక్కడికి వెళ్లిన మనిషి తిరిగి రాడని రాజుకు తప్ప అందరికీ తెలుసు. ఒకవేళ రాజుకూ తెలుసేమో. ఎవరైనా ఒక మాట అంటారేమోనని వెన్షు చూసింది. ఒకరు చాప అల్లిక చూస్తున్నారు, ఒకరు తమ గోళ్లు చూసుకుంటున్నారు. ఆవిడకు ధైర్యం కలిగిందని కాదు. ఇంకెవరూ లేవడం లేదని, మోకాళ్లు పట్టుకుని తనే లేచింది.

"ప్రభూ, ఒక్క మనవి. గు మింగ్ తమరు మీటుతుండగా నిద్రపోలేదు."

"గురక నేను విన్నాను పంతులమ్మా."

"గురక తమరు మీటుతుండగా వచ్చింది. నిద్ర అంతకుముందే వచ్చింది. తమరి సంగీతానికీ దానికీ సంబంధం లేదు."

రాజు కనుబొమలు ముడిపడ్డాయి. "ఇంత చక్కని తోటలో, ఇంత మంచి ధూపం మధ్య, తేనీరు ముందు పెట్టుకుని, నా రాక కోసం ఎదురుచూస్తూ మనిషికి నిద్ర ఎలా వస్తుంది? మనసున్నవాడికి రాదు."

"తమరికి రాదా ప్రభూ?"

"నాకా? గుర్రం మీద తెల్లవార్లూ మేలుకుని యుద్ధాలు చేసినవాణ్ని."

"అయితే ఇంకో మనవి" అంది వెన్షు. ఆవిడ గొంతు బాగా అలిసిపోయి ఉంది. పందెం వేసే మనిషి గొంతులా లేదు. "తమరు ఎప్పుడూ మీటేవారే గానీ వినేవారు కాలేదు. రేపు నేను మీటుతాను. తమరు వినేవారి చాప మీద, అందరిలాగే, మొదటి నుంచీ కూర్చోండి. నేను మొదటి మీటు మీటేదాకా తమరు మేలుకుని ఉంటే, గు మింగ్‌తో పాటు నన్ను కూడా ఉత్తరపు కోటకు పంపండి."

"నిద్రపోతే?"

"అన్నయ్యను ఇంటికి పంపండి."

రాజు నవ్వాడు. ఆ నవ్వులో దయ లేదు. "నువ్వు కావాలని ఆలస్యం చేస్తావు."

"మన మర్యాదలకు మించి ఒక్క క్షణం చేయను. దౌ మంత్రిగారే దగ్గరుండి చూస్తారు. ఆయన సరేనన్న మరుక్షణం మీటుతాను."

దౌ మంత్రి ఛాతీ విరిచి నిలబడ్డాడు. "రాజుగారు వినబోయే సభ. ఒక్క లోపం రానివ్వను."

"అదే కావాలి నాయనా" అంది వెన్షు.

బయటికి వస్తూ గు మింగ్ ఆవిడ పక్కన నడిచాడు. "నీకెందుకమ్మా ఈ గొడవ? నేనొక్కణ్నే పోయేవాణ్ని. చలిలో ఇద్దరం దగ్గుకుంటూ కూర్చోవాలా?"

"నాకు దగ్గు లేదు. నీ దగ్గు వింటూ కూర్చుంటాను."

"నిజంగా ఆయనకు నిద్ర వస్తుందంటావా?"

"ఆయన వాళ్లమ్మ చెప్పేది అన్నయ్యా, వీడు పసివాడప్పుడు కూడా నిద్రంటే ఓడిపోవడమనుకునేవాడని. ఎవరికి తెలుసు. పద, కాస్త నడుం వాలుద్దాం."

మర్నాడు ఇంకా మసక చీకటి ఉండగానే రాజుగారు వచ్చారు. వినేవాళ్ల చాప మీద, గు మింగ్ పక్కన కూర్చున్నారు. గడ్డి చాప అది. నిరాడంబరమే అందమని రాజుగారే వేయించారు. కూర్చోగానే ఆయన ముఖం కొంచెం చిట్లించారు గానీ, వెంటనే ఈటె పాతినట్టు నిటారుగా అయిపోయారు.

వెన్షు చేతులు కడుక్కుంది. చిన్ ముందు కూర్చుంది. తీగలు సరిచూసుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని దౌ వంక చూసింది.

"గాలి ఉంది" అన్నాడు దౌ.

గాలి ఉంది. వెదురు ఆకులు కదులుతున్నాయి. అందరూ ఆ ఆకులు ఎప్పుడు ఆగుతాయా అని చూస్తూ కూర్చున్నారు. రాజుగారూ చూశారు. చాలాసేపటికి ఆగాయి.

"ధూపం వంగింది" అన్నాడు దౌ.

ఎవరో ముక్కుతో గట్టిగా ఊపిరి వదిలినట్టున్నారు. పొగ మెలికలు తిరిగి, తిరిగి, మెల్లగా లేచి నిలబడింది. రాజుగారు కాలు సర్దుకోబోయారు. దౌ చిన్నగా దగ్గాడు. వినేవాళ్లు కదలకూడదని ఆజ్ఞ. రాజుగారు కాలు అక్కడే ఉంచారు.

"ఇంకెంతసేపు?" అన్నారు కాసేపటికి, మెల్లగా.

దౌ ముఖం పాలిపోయింది. చెప్పకపోతే ఆజ్ఞ తప్పినట్టు, చెబితే రాజును అదిలించినట్టు. "వినేవారు మాట్లాడరాదు ప్రభూ. తమరే సెలవిచ్చారు" అన్నాడు నేలకేసి చూస్తూ.

రాజుగారు నోరు మూసుకున్నారు.

తేయాకులు దిగుతున్నాయి. ఒకటీ ఒకటీ గిన్నె అడుగుకు జారుతున్నాయి. ఒక్క ఆకు మాత్రం పైనే ఉంది. అంచు పట్టుకుని అటు తేలుతుంది, ఇటు తేలుతుంది. దిగుతున్నట్టే ఉంటుంది, మళ్లీ పైకి వస్తుంది. వెన్షు ఆ ఆకునే చూస్తోంది. పండితులూ దాన్నే చూస్తున్నారు. యుద్ధాలన్నీ గెలిచిన జెంగ్ మహారాజు కూడా ఆ ఒక్క ఆకునే చూస్తున్నారు.

ఆఖరికి అది మునిగింది. రాజుగారు హమ్మయ్య అనుకుని వెన్షు చేతుల వంక చూశారు. ఆవిడ చేయి లేపింది.

కా, అంది కాకి.

దౌ మంత్రికి చెమటలు పట్టాయి. కాకి తన మీద పగబట్టినట్టు పైకి చూశాడు. ఈ ఒక్కసారికి వినలేదనుకుందామా అని ఆయనకూ అనిపించే ఉంటుంది. కానీ నిన్న నిండు సభలో ఒక్క లోపం రానివ్వనని తనే అన్నాడు.

"మళ్లీ మొదటి నుంచి" అన్నాడు నీరసంగా.

పాత ధూపం తీశారు. కొత్తది ముట్టించారు. తేనీరు పారబోశారు. కుంపటి మీద నీళ్లు మళ్లీ పెట్టారు. ఎండ మంటపం మెట్లు ఎక్కి వచ్చి అందరి వీపుల మీదా నెమ్మదిగా పరుచుకుంది. నీళ్లు సన్నగా పాడడం మొదలుపెట్టాయి. రాజుగారి కళ్లు కొత్త గిన్నెలో మొదటి ఆకును వెతుక్కున్నాయి. రెండోదాన్ని వెతుక్కున్నాయి. మూడోది ఆయన చూశారో లేదో చెప్పలేం.

రాజుగారి తల ముందుకు ఒకసారి ఊగింది. ఉలిక్కిపడి లేచింది. మళ్లీ ఊగింది. ఈసారి లేవలేదు. పక్కకు వాలుతూ వాలుతూ పోయి గు మింగ్ భుజం మీద ఆనింది.

గు మింగ్ బిర్రబిగుసుకుపోయాడు. వెన్షు వంక దీనంగా చూశాడు. కదలకు అన్నట్టు ఆవిడ కళ్లతోనే చెప్పింది. రాజును లేపే ధైర్యం ఎవరికీ లేదు. రాజే నిద్రపోతుంటే మేలుకోవలసిన అవసరమూ ఎవరికీ కనిపించలేదు. తగాదాలు తీర్చే ఆయన స్తంభానికి ఆనుకున్నాడు. కాలవలు చూసే ఆయన తన చేతులే తలగడ చేసుకున్నాడు. కాపలావాళ్లు ఈటెల మీద వాలారు. గు మింగ్ బుగ్గ మెల్లగా రాజుగారి జుట్టుముడి మీద ఆనింది. దౌ మంత్రి మాత్రం చాలాసేపు నిలబడే ఉన్నాడు. తర్వాత నిలబడే నిద్రపోయాడు.

వెన్షుకు కూడా కళ్లు మూతలు పడుతున్నాయి. అయినా ఆవిడ మేలుకుని ఉంది. మొదటి మీటు బాకీ ఆవిడదే కదా. వేళ్లు తీగల మీద ఆనించి, నిద్రపోతున్న ఆ ముఖాలన్నీ చూస్తూ కూర్చుంది. ఎంతెంత పెద్దవాళ్లు, ఎంతెంత బిరుదులవాళ్లు, నోళ్లు తెరుచుకుని. నిద్రలో జెంగ్ మహారాజు కూడా ఎవరి ఇంటి పిల్లవాడో అన్నట్టు ఉన్నాడు.

ఎండ నడినెత్తికి వస్తుండగా రాజు కళ్లు తెరిచాడు. తల కింద ఉన్నది ఎవరి భుజమో మొదట తెలియలేదు. తెలిశాక నెమ్మదిగా తల ఎత్తాడు. సభంతా చూశాడు. చివరికి చూపు వెన్షు మీద ఆగింది.

"మీటావా?" అన్నాడు.

"ఇంకా లేదు ప్రభూ."

రాజు గొంతు సవరించుకున్నాడు. "నేను నిద్రపోలేదు. కళ్లు మూసుకుని ఎదురుచూస్తున్నాను."

"అవును ప్రభూ. గు మింగ్ అన్నయ్య కూడా అలాగే విన్నాడు."

రాజు ఏదో అనబోయాడు. అప్పుడే ఆయన చూపు గు మింగ్ భుజం మీద పడింది. పట్టుబట్ట మీద, తన నోరు ఆనినచోట, అరచేయంత తడి మచ్చ ఉంది. రాజు తన గడ్డం తుడుచుకున్నాడు. మచ్చను చూశాడు. నిలబడి నిద్రపోతున్న దౌ మంత్రిని చూశాడు.

నవ్వు ముందు ఆయన భుజాల్లోకి వచ్చింది. నోటికి చేయి అడ్డం పెట్టుకున్నాడు. కళ్లలో నీళ్లు వచ్చేదాకా చప్పుడు రాకుండా నవ్వాడు. ఆ రాజు నవ్వగా వెన్షు చాలాసార్లు చూసింది, అయితే ఇలా నవ్వడం అదే మొదటిసారి.

"మోసం చేశావు పంతులమ్మా" అన్నాడు గుసగుసగా. "అసలు సంగీతమే మొదలుపెట్టలేదు."

"అన్నయ్యకూ నిద్రొచ్చింది అక్కడే ప్రభూ. సంగీతం మొదలుకాకముందే. ఇన్నాళ్లూ తమరు గంట కొట్టాక వచ్చేవారు. మాకు మాత్రం గంటకు ముందున్నదే సభ."

తెల్లటి ఎండలో అందరి కళ్ల కింద గుంటలూ స్పష్టంగా కనిపిస్తున్నాయి. రాజు వాటిని ఒక్కొక్కటిగా చూస్తున్నట్టున్నాడు.

"ఇంత నిద్ర నాకు పట్టాభిషేకమైన దగ్గర్నుంచీ పట్టలేదు" అన్నాడు చివరికి. "రేపటి నుంచి ఈ సభ లేదు. ఎవరి తీరిక వాళ్లది. రావాలనిపించినవాళ్లు వస్తారు. ఎవరూ రాకపోతే నేనొక్కణ్నే మీటుకుంటాను." తన భుజాల మీది లోపల ఉన్ని వేసిన దుప్పటి తీసి గు మింగ్ మీద కప్పాడు. మచ్చ కనబడకుండా అంచు సర్దాడు. "ఈయన లేచాక నా పల్లకీలో ఇంటికి పంపిస్తాను. మరి నీకేం కావాలి? గెలిచినదానివి. అడుగు."

వెన్షు ఆలోచించవలసిన అవసరం లేకపోయింది. "మా ఊళ్లో అక్క ఉంది ప్రభూ. నాకంటే పెద్దది. వచ్చే మల్బరీ ఆకుల కాలానికైనా అక్కడ ఉండాలని ఉంది."

రాజు ముఖంలో కొంచెం బెంగ కనిపించింది. పంపననే అంటాడేమో అనుకుంది ఆవిడ. ఆయన తల ఊపాడు. తన నడుముకు వేలాడే పచ్చరాతి బిళ్ల విప్పి, లేచి వచ్చి, ఆవిడ ఒళ్లో పెట్టాడు. దారిలో ఏ ద్వారమైనా ఆ బిళ్ల చూస్తే తెరుచుకుంటుంది. తిరిగి రమ్మని మాత్రం అనలేదు.

వెన్షు దాన్ని కళ్లకద్దుకుంది. అప్పుడు తోటలోకి చూసింది. వెదురు ఆకు ఒక్కటీ కదలడం లేదు. చివరి ధూపపు పొగ దారం పట్టి నిలబెట్టినట్టు నిటారుగా ఉంది. గిన్నెలో ఆకులన్నీ అడుగున సర్దుకున్నాయి. కాకి ఎటో వెళ్లిపోయింది.

"అన్నీ కుదిరాయి ప్రభూ" అంది, వేళ్లు తీగల మీదికి తెచ్చి. "మీటమంటారా?"

రాజు ఒకసారి వెనక్కి తిరిగి, వరుసగా వాలిపోయి ఉన్న తన సభను చూశాడు. తర్వాత ముందుకు వంగి, తన అరచేతిని తీగల మీద మెత్తగా ఆనించాడు.

"వద్దు పంతులమ్మా. లేస్తారు, పాపం."